వడ్ల జల్లెడ స్టాండు వెల్డింగ్ అతుకు దగ్గరే ఎందుకు పగులుతోంది? కంప్యూటర్ లెక్కలో అంతా బాగుందనే వస్తోంది

మిర్యాలగూడ షెడ్డు | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మిర్యాలగూడలో నాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. రైస్ మిల్లుల పనే ఎక్కువ, ఎలివేటర్ టవర్లు, ప్లాట్‌ఫారాలు, తొట్లు చేస్తాం. సీజనుకు ముందు ఒక మిల్లుకు వడ్ల క్లీనర్ కింద స్టాండు చేసిచ్చాను. నాలుగు కాళ్లు 100 చదరం బాక్సు పైపు, 4 మి.మీ. మందం. వాటికి 60 చదరం 3.2 మి.మీ. అడ్డ పైపులు పైన ఒక వరస, మధ్యలో ఒక వరస. ఎత్తు 2.2 మీటర్లు. జల్లెడ ఊగే దిక్కున మాత్రం రెండు పక్కలా ఏటవాలు క్రాసు పైపు పెట్టలేదు, ఎందుకంటే ఒక పక్క చెత్త దిగే చూటు ఉంది, ఇంకో పక్క మనుషులు తిరగాలని మిల్లు వాళ్లే అడిగారు.

మిషను 900 కిలోలు, నిమిషానికి 420 తిప్పులు. రోజుకు 20 గంటలు నడుస్తుంది. 38 రోజులకు పై అతుకు దగ్గర క్రాక్ వచ్చింది. గ్రైండర్‌తో తీసి ఇంకా లావుగా వెల్డింగ్ పెట్టాను. 11 రోజులకే మళ్లీ అక్కడే పగిలింది, పక్క కాలికి కూడా మొదలైంది. మిల్లు వాళ్లు నీ వెల్డింగ్ సరిగా లేదంటున్నారు. డబ్బులు ఇచ్చి ఒక ఇంజనీర్‌తో కంప్యూటర్‌లో చూపించాను. స్ట్రెస్ 38 మెగాపాస్కల్స్ అట, పైపు 310 దాకా లొంగదట, స్టాండు సహజ ఫ్రీక్వెన్సీ, అంటే కొట్టి వదిలితే తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో అది, 9.4 హెర్ట్జ్, మిషను 7 హెర్ట్జ్, కాబట్టి ఏ ఇబ్బందీ లేదని రిపోర్టు ఇచ్చాడు. ఏ ఇబ్బందీ లేకపోతే ఎందుకు పగులుతోంది? 6 మి.మీ. పైపు వేసి మళ్లీ చెయ్యాలా? పదిహేనేళ్లుగా సంపాదించుకున్న పేరు ఇది, నిద్ర పట్టడం లేదు.

హోల్డర్ పట్టిన చెయ్యి | సోమవారం రాత్రి 10:15

తమ్మీ, కోదాడ నుంచి. ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేసినవాణ్ణి. ముందు మూడు సంగతులు చెప్పు. క్రాక్ బీడ్ (వెల్డింగ్ వరస) నడుమ ఉందా, బీడ్ అంచున ఉందా, ఉంటే ఏ పైపు వైపు? అడ్డ పైపు కొనకు, కాలికి నడుమ సందు ఎంత వదిలారు, ఆ సందులో రాడ్డు ముక్క పెట్టి పైన బీడ్ లాగారా? బీడ్ ఎక్కడ మొదలుపెట్టారు, మూల దగ్గరా లేక చదును మీదా? కోపం తెచ్చుకోకు, ఈ మూడూ తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

మిర్యాలగూడ షెడ్డు | సోమవారం రాత్రి 10:52

కోపం ఎందుకు పెద్దన్నా. సందు లేదు, కటింగ్ మిషను మీద సాపుగా కోసి పెట్టినవే, రాడ్డు ముక్కలు నింపలేదు. 6013 రాడ్డు వాడాను. బీడ్ మాత్రం మూలల దగ్గరే మొదలుపెట్టారు మా పిల్లలు, అది నిజం.

క్రాక్ బీడ్‌లో లేదు. బీడ్ కాలి పైపును తాకే అంచున ఉంది, కాలి వైపే. 60 పైపు మూల దగ్గర మొదలై రెండు పక్కలకూ పోయింది, ఇప్పుడు 45 మి.మీ. దాకా ఉంటుంది. ఇవాళ పొద్దున టార్చి పెట్టి దగ్గర నుంచి చూశాను. మిషను నడుస్తుంటే ఆ గీత నోరు తెరుస్తూ మూస్తూ ఉంది, కళ్లకు కనబడేంత కాదు కానీ వేలు ఆనిస్తే తెలుస్తోంది. సందులోంచి కుంకుమ లాంటి సన్న పొడి రాలి కింద పెయింటు మీద గీతలా కారింది. తుడిచి అరగంట తర్వాత చూస్తే మళ్లీ వచ్చింది.

పాలమూరు మెష్ | మంగళవారం ఉదయం 6:30

మీరు రాసిన ఆ చివరి నాలుగు వాక్యాల్లో రోగం మొత్తం ఉంది. నాది మహబూబ్‌నగర్, హైదరాబాద్‌లో పదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, పైపు అతుకుల మీద ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలు, అంటే వస్తువును చిన్న చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లుగా) చేసి కంప్యూటర్‌లో బలం లెక్కించడం. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీ ఇంజనీర్ లెక్క తప్పు వెయ్యలేదు, కానీ మోడల్‌లో అతుకే లేదు. అతను వాడింది బీమ్ మోడల్. అంటే ప్రతి పైపూ ఒక గీత, రెండు గీతలు కలిసే చోట ఒక చుక్క, ఆ చుక్క దగ్గర రెండూ కదలకుండా అతుక్కుపోయాయని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. మీ స్టాండులో అలా లేదు. 100 మి.మీ. వెడల్పున్న ముఖం నడుమ 60 మి.మీ. పైపు అంటించారు. ఆ ముఖం మందం 4 మి.మీ. మాత్రమే. అడ్డ పైపు వంగినప్పుడల్లా ఆ ముఖం ఒక పక్క లోపలికి పోతుంది, ఇంకో పక్క బయటికి ఉబ్బుతుంది. నూనె డబ్బా పక్క రేకు మీద బొటనవేలితో నొక్కితే ఎలా లోపలికి పోయి మళ్లీ వస్తుందో అలా. అదే 100 మీద 100 పైపు పెట్టి ఉంటే బలం నేరుగా పక్క గోడల్లోకి దిగేది, ముఖం మీద ఇంత పడేది కాదు.

దీనివల్ల రెండు నష్టాలు. ఒకటి, ముఖం వంగే చోట, అంటే బీడ్ అంచున, అందులోనూ 60 పైపు మూల దగ్గర స్ట్రెస్ పోగుపడుతుంది. బీమ్ లెక్కలో వచ్చినదానికి నాలుగైదు రెట్లు ఉండటం మామూలే, పైపుల కొలతలను బట్టి అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. రెండోది చాలామంది మర్చిపోయేది. అతుకు మెత్తబడితే స్టాండు మొత్తం మెత్తబడుతుంది. క్రాసులు లేని దిక్కున మీ స్టాండు నిలబడేదే ఈ అతుకుల బిగువు మీద. అవి మెత్తనైతే 9.4 అనేది 9.4 కాదు, ఇంకా కింద ఉంటుంది. ఎంత కింద అన్నదే అసలు ప్రశ్న, ఎందుకంటే కింద 7 దగ్గర మీ మిషను కాచుకుని ఉంది, ఆ రెండూ దగ్గరయ్యేకొద్దీ ఊపు విపరీతంగా పెరుగుతుంది.

ఇక బలం సంగతి. 38కి 310కి పోల్చి ఎనిమిది రెట్లు భద్రం అనుకోవడం బరువు మోసే స్టాండుకు సరే. ఇది ఊగే స్టాండు. సెకనుకు 7 సార్లు, రోజుకు 20 గంటలు అంటే రోజుకు 5 లక్షల 4 వేల ఊపులు. 20 రోజుల్లో కోటి. అన్నిసార్లు వంచితే ఇనుప తీగ అయినా తెగుతుంది, దాన్నే ఫెటీగ్ అంటారు. మీరు చూసిన ఎర్ర పొడి క్రాక్ రెండు పెదాలూ ఒకదానికొకటి రాసుకుని రాలిన ఇనుము, గాలి తగిలి ఎర్రబడింది.

ఇంకో మాట. లావు బీడ్ వేశారు కదా, దాంతో ఆ చోటు ఇంకా బిరుసెక్కింది, క్రాక్ కొన లోపల మిగిలిపోయి ఉంటుంది, అందుకే 38 రోజులు 11 అయ్యాయి.

నల్లగొండ స్ట్రక్చర్స్ | మంగళవారం ఉదయం 8:05

మెష్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. ఒక్కటి కలుపుతాను, ఎందుకంటే చాలామంది ఫ్యాబ్రికేటర్లు ఇక్కడ డబ్బు పోగొట్టుకుంటారు. క్రాక్ వచ్చింది కదా అని గట్టి గ్రేడు పైపు తెస్తారు, బాక్సు పైపుల భారత ప్రమాణం ఐఎస్ 4923లో 210, 240, 310 అని గ్రేడులున్నాయి, పెద్ద నంబరు అయితే మంచిదనుకుంటారు. వెల్డింగ్ చేసిన అతుకులో ఫెటీగ్ బలం స్టీలు గ్రేడు మీద ఆధారపడదు. బీడ్ అంచున కంటికి కనబడని గాట్లు పుట్టుకతోనే ఉంటాయి, వెల్డింగ్ చల్లారేటప్పుడు మిగిలిన లోపలి లాగుడు స్టీలు లొంగే హద్దు దాకా ఉంటుంది. గట్టి స్టీలైనా మెత్త స్టీలైనా క్రాక్ పెరిగే తీరు ఒకటే. అందుకే అంతర్జాతీయ వెల్డింగ్ సంస్థ ఐఐడబ్ల్యూ లెక్కల్లో స్టీలు గ్రేడు అడగరు, అతుకు ఆకారం ఏమిటి, స్ట్రెస్ ఎంత మేర ఎక్కి దిగుతోంది, ఎన్నిసార్లు, ఈ మూడే అడుగుతారు.

అయితే నా అనుమానం మొదట కాళ్ల అడుగున ఉండే బేస్ ప్లేట్ల మీద. మిల్లుల్లో నేను చూసిన సగం స్టాండ్లకు బేస్ ప్లేటు కింద గ్రౌటు (సందు నింపే సిమెంటు ముద్ద) ఉండదు, షిమ్ ముక్కల (పల్చటి రేకు ముక్కల) మీద నిలబడి ఉంటాయి. మోడల్‌లో కాలు నేలలో పాతినట్టు ఉంటుంది, నిజంగా చూస్తే ఊగుతుంటుంది. ముందు బోల్టులు చూడండి.

హాలియా మిల్లు డ్యూటీ | మంగళవారం ఉదయం 11:20

మా దగ్గర ఇలాగే వణికితే కాళ్లలో ఇసుక పోసి పైన మూత కొట్టాం, చప్పుడు తగ్గింది. అన్నా, మీరు అది చేసి చూడండి.

పాలమూరు మెష్ | మంగళవారం మధ్యాహ్నం 1:10

ఇసుక వద్దు, ఈ స్టాండుకు మాత్రం అస్సలు వద్దు. మీ దగ్గర చప్పుడు తగ్గింది కాబట్టి మంచిదే అనిపిస్తుంది, ఇసుక కొంత ఊపును మింగుతుంది, నిజమే. కానీ ఇక్కడ సహజ ఫ్రీక్వెన్సీ మిషను వేగం కన్నా పైన ఉంది. బరువు పెంచితే అది కిందికి దిగుతుంది. నాలుగు కాళ్లలో పట్టే ఇసుక 120 కిలోల దాకా ఉంటుంది, అందులో ఊపు మీద ప్రభావం చూపేది మూడో వంతు అనుకున్నా స్టాండు ఇంకా 7 దగ్గరికే జరుగుతుంది. పెంచాల్సింది బిగువు. అది కూడా కొంచెం పెంచితే చాలదు, ఫ్రీక్వెన్సీ బిగువుకు వర్గమూలం లెక్కన పెరుగుతుంది, బిగువు రెట్టింపు చేస్తే ఫ్రీక్వెన్సీ 1.41 రెట్లే అవుతుంది.

షెడ్డు గారూ, మోడల్ నేను వేస్తాను, డబ్బులేమీ వద్దు. కానీ ముందు మీరు ఒక పని చెయ్యాలి, కొట్టి చూడాలి. మిషను ఆపి, ఫోనులో కంపనాలు రికార్డు చేసే ఉచిత యాప్ ఏదైనా వేసుకుని, ఫోనును టేపుతో పై అడ్డ పైపుకు గట్టిగా అంటించండి, చేత్తో పట్టుకోవద్దు. జల్లెడ ఊగే దిక్కున కాలి పైభాగాన చెక్క సుత్తితో లేదా రబ్బరు సుత్తితో ఒక్కటి కొట్టి వదిలేయండి. 20 సెకన్లు ఆగి మళ్లీ కొట్టండి, అలా అయిదుసార్లు. ఫోను సెకనుకు 100 సార్లు కొలిచినా 7, 8 హెర్ట్జ్‌కు అది చాలు. ఆ ఫైలు పంపండి. కొట్టిన తర్వాత ఎన్ని ఊపులకు ఊపు సగానికి పడిపోయిందో కూడా అందులో తెలుస్తుంది.

మెకానికల్ ఫైనలియర్ | మంగళవారం సాయంత్రం 5:45

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను మహబూబ్‌నగర్‌లో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. ఈ అతుకు ఒక్కటే తీసుకుని ప్రీపోమ్యాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో మోడల్ వేశాను, లోపల లెక్క చేసేది క్యాల్కులిక్స్. సాలిడ్ ఎలిమెంట్లు. అడ్డ పైపు కొనకు చిన్న బలం పెట్టి, బీడ్ అంచున స్ట్రెస్ చూశాను. మెష్ (ముక్కల సైజు) 5 మి.మీ. పెడితే 45 వచ్చింది. 2 మి.మీ. పెడితే 62. 1 పెడితే 88. 0.5 పెడితే 120. ఎక్కడ ఆగాలి? ఏది నిజం? మా గైడ్ సార్ మెష్ చిన్నది చేసేకొద్దీ జవాబు నిలబడుతుందని చెప్పారు, ఇది పెరుగుతూనే ఉంది. రాత్రి నుంచి ఇదే టెన్షన్.

పాలమూరు మెష్ | మంగళవారం రాత్రి 9:15

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం తమ్ముడూ, చాలామంది తమకు నచ్చిన నంబరు వచ్చిన మెష్ దగ్గర ఆగిపోయి రిపోర్టు రాసేస్తారు.

ఆ నాలుగింటిలో ఏదీ నిజం కాదు. బీడ్ పైపును తాకే చోట నీ మోడల్‌లో పదునైన లోమూల ఉంది, గుండ్రదనం సున్నా. ఎలాస్టిక్ లెక్కలో అలాంటి మూల దగ్గర స్ట్రెస్‌కు అంతు ఉండదు. మెష్ చిన్నది చేసేకొద్దీ ఆ అనంతానికి దగ్గరవుతావు తప్ప జవాబుకు కాదు. మీ సార్ చెప్పింది మూల లేని చోట వర్తిస్తుంది.

కాబట్టి ఆ అంచు మీద చదవకు. కొంచెం జరిగి చదువు. గోడ మందం 4 మి.మీ. కదా, అంచు నుంచి మందానికి 0.4 వంతు దూరంలో, అంటే 1.6 మి.మీ. దగ్గర ఒకటి, మందమంత దూరంలో, అంటే 4 మి.మీ. దగ్గర ఒకటి, రెండు చోట్ల పైముఖం మీద స్ట్రెస్ తీసుకో. మొదటిదాన్ని 1.67తో, రెండోదాన్ని 0.67తో గుణించి మొదటిదాంట్లోంచి రెండోది తీసెయ్యి. వచ్చేది హాట్ స్పాట్ స్ట్రెస్. ఆ రెండు చోట్ల విలువలు మెష్ మార్చినా పెద్దగా కదలవు, నువ్వే చూడు. బీడ్ అంచున గాటు ప్రభావం ఎంతన్నది ప్రయోగాలు చేసి గీసిన ఫెటీగ్ గీతలోనే కలిసి ఉంటుంది, మనం మళ్లీ మోడల్‌లో పెట్టనక్కర్లేదు.

నాలుగు మూలల సాదా టెట్రా ఎలిమెంట్లు వాడావా? అవి వంగడానికి మొండికేస్తాయి, పల్చటి గోడ వంగే చోట అబద్ధం చెబుతాయి. పది నోడ్లవి (చుక్కలవి) వాడు, మందంలో కనీసం రెండు వరసలు పెట్టు. మొత్తం స్టాండుకైతే షెల్ (రేకు లాంటి పల్చటి) ఎలిమెంట్లు చాలు, నేను అవే వాడుతున్నాను.

మెకానికల్ ఫైనలియర్ | మంగళవారం రాత్రి 11:58

అవునన్నా, సాదావే వాడాను. మార్చి మళ్లీ చేస్తే 1 మి.మీ. మెష్‌కూ 0.5 మెష్‌కూ ఆ రెండు చోట్లా దాదాపు ఒకే విలువ వచ్చింది. ఇప్పుడు నిద్రపోతాను.

మిర్యాలగూడ షెడ్డు | బుధవారం మధ్యాహ్నం 2:30

కొట్టి చూశాం. మిల్లులో అందరూ చుట్టూ చేరి చూశారు. ఫైలులో పెద్ద శిఖరం 8.2 దగ్గర వచ్చింది. అంటే 7కు దూరంగానే ఉన్నట్టా? సగానికి పడటానికి 7 ఊపులు పట్టింది.

స్ట్రక్చర్స్ గారు చెప్పినట్టు బోల్టులు చూస్తే చూటు వైపు కాలికి రెండు వదులుగా ఉన్నాయి, చేత్తో తిరిగాయి. ప్లేటు కింద ఒక మూల గాలి ఆడుతోంది, అందులో వడ్ల దుమ్ము పేరుకుపోయి గట్టిపడింది.

నల్లగొండ స్ట్రక్చర్స్ | బుధవారం మధ్యాహ్నం 2:41

కొట్టినప్పుడు తొట్టిలో వడ్లు ఉన్నాయా?

మిర్యాలగూడ షెడ్డు | బుధవారం మధ్యాహ్నం 2:44

లేవు సార్, ఖాళీ చేయించి కొట్టాం. నడిచేటప్పుడు పైన తొట్టీ, జల్లెళ్ల మీద వడ్లూ కలిపి 200 కిలోలు ఉంటాయి.

నల్లగొండ స్ట్రక్చర్స్ | బుధవారం మధ్యాహ్నం 2:50

అయితే నింపి మళ్లీ కొట్టండి. 900 కాస్తా 1100 అయితే 8.2 వచ్చి 7.4 దగ్గర నిలబడాలి.

మిర్యాలగూడ షెడ్డు | బుధవారం సాయంత్రం 6:20

7.4. సరిగ్గా అదే వచ్చింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. వడ్లు పోసేకొద్దీ మిషను దగ్గరికి అదే నడిచొస్తోందన్నమాట. మిల్లు ఆపరేటర్ కూడా అన్నాడు, తొట్టి నిండుగా ఉంటే స్టాండు ఎక్కువ వణుకుతుందని, మేమే పట్టించుకోలేదు. నడుస్తున్నప్పుడు ఫోనులో ఊపు 0.08 జీ (జీ అంటే భూమి గురుత్వ త్వరణం) చూపిస్తోంది.

పాలమూరు మెష్ | బుధవారం రాత్రి 10:30

షెల్ మోడల్ పూర్తయింది. 1100 కిలోలతో, కాళ్లు నేలకు బిగిసి ఉన్నాయనుకుంటే 7.7 వచ్చింది. రెండు బోల్టులు వదులుగా ఉన్నట్టు పెడితే 7.5. మీరు కొలిచింది 7.4. బీమ్ మోడల్ చెప్పింది 9.4. తేడా ఎక్కడిదో ఇప్పుడు చూడండి, పైపులు అవే, కొలతలు అవే, బరువూ అదే. ఆ 4 మి.మీ. ముఖం వంగుడే.

9.4 అయితే 7 దగ్గర నడిచే మిషను ఊపు స్టాండులో సుమారు 2.25 రెట్లు అవుతుంది. 7.4 అయితే 9 రెట్లు దాటుతుంది. ఏడు ఊపులకు సగం పడింది కాబట్టి డ్యాంపింగ్ (ఊపు దానంతటది తగ్గే గుణం) 1.6 శాతం దగ్గర ఉంది, వెల్డింగ్ స్టీలు స్టాండులో అంతే ఉంటుంది, అది కాపాడేదేమీ లేదు. అంటే ఆ ఇంజనీర్ అనుకున్నదానికి నాలుగు రెట్ల స్ట్రెస్ నిజంగా తిరుగుతోంది. ఫెటీగ్‌లో స్ట్రెస్ నాలుగు రెట్లయితే ఆయుష్షు నాలుగో వంతు కాదు, ఘనం లెక్కన పోతుంది, 64వ వంతు.

0.08 జీ అంటే పైన అటు 0.4, ఇటు 0.4 మి.మీ. కదలిక. దాన్ని మోడల్‌కు ఇస్తే, క్రాక్ వచ్చిన మూల దగ్గర 1.6 మి.మీ. దూరంలో స్ట్రెస్ ఎక్కిదిగే మేర 52, 4 మి.మీ. దగ్గర 40. 1.67 × 52 − 0.67 × 40 = 60 మెగాపాస్కల్స్. ఇలాంటి ఫిల్లెట్ (మూలలో వేసే వెల్డింగ్) అతుకుకు ఐఐడబ్ల్యూ గీత ఫ్యాట్ 90, అంటే 90 మేరకు 20 లక్షల ఊపులు. 60 మేరకైతే సుమారు 67 లక్షలు, మీ మిషనుకు 13 రోజులు. ఆ గీత జాగ్రత్తకు కిందికి గీసింది, పల్చటి గోడలు దానికన్నా కొంచెం ఎక్కువే ఓర్చుకుంటాయి, పైగా క్రాక్ పుట్టడానికీ కంటబడటానికీ నడుమ రోజులు పడతాయి. 38 రోజులకు మీరు చూశారు. నాకైతే ఇది సరిపోయినట్టే.

మీ పిల్లల వెల్డింగ్‌ను ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. మూల దగ్గర బీడ్ మొదలుపెట్టడం తప్పే, అది క్రాక్‌కు చోటు చూపించింది. కానీ ఎంత మంచి చెయ్యి వెల్డింగ్ చేసినా ఈ స్టాండు పగిలేది.

హోల్డర్ పట్టిన చెయ్యి | గురువారం ఉదయం 6:10

ఆ చివరి మాట రాసినందుకు నీకు దండం బిడ్డా. మా బతుకంతా ఈ మాట పడుతూనే ఉన్నాం, ఏది పగిలినా వెల్డర్ దగ్గరికే వస్తారు.

మిర్యాలగూడ షెడ్డు | గురువారం ఉదయం 7:30

ఇప్పుడు ఏం చెయ్యాలి చెప్పండి. 6 మి.మీ. కాళ్లా?

పాలమూరు మెష్ | గురువారం ఉదయం 8:40

కొత్తగా చేస్తుంటే 6 మంచిదే. ముఖం వంగుడు మందానికి ఘనం లెక్కన తగ్గుతుంది, 4 నుంచి 6 అంటే 3.4 రెట్ల బిగువు. ఇప్పుడైతే మిషను దింపి స్టాండు విప్పాలి, సీజను నడుమ అది కుదరదు కదా. నడక వైపు ఒక క్రాసు పైపు పెట్టుకోనిస్తారా అడగండి. క్రాసు పైపు వంగదు, సాగుతుంది లేదా నొక్కుకుంటుంది, అందుకే సన్నదైనా బిగువు చాలా ఎక్కువ.

మిర్యాలగూడ షెడ్డు | గురువారం మధ్యాహ్నం 12:15

ఒప్పుకున్నారు, మనుషులు అటు చుట్టూ తిరిగి పోతామన్నారు. చూటు వైపు మాత్రం కుదరదు.

పాలమూరు మెష్ | గురువారం రాత్రి 11:05

మంచిపని అయింది వెంటనే మొదలుపెట్టలేదు. ఒక్క పక్క క్రాసుతో మోడల్ నడిపితే స్టాండు నేరుగా ఊగడం మానేసి మెలి తిరుగుతోంది. బిగించిన పక్క గుంజలా నిలబడిపోయింది, చూటు పక్క తలుపులా దాని చుట్టూ ఊగుతోంది. ఆ మెలి ఫ్రీక్వెన్సీ 8.9 మాత్రమే. చూటు పక్క కాళ్లకూ పై అడ్డ పైపుకూ నడుమ మోకాలి పైపులు (మూలకు ఏటవాలుగా పెట్టే పొట్టి పైపులు) రెండు పెడితే, చూటుకు తగలకుండా 450 మి.మీ. పొడుగువి చాలు, అది 11.8కు పోతోంది. అక్కడ ఊపు 1.5 రెట్లే. ఇప్పుడున్న 9తో పోలిస్తే ఆరో వంతు. హాట్ స్పాట్ 60 పోయి 10 అవుతుంది, ఈ అతుకుకు కోటి ఊపుల దగ్గర హద్దు 52 కాబట్టి ఇక భయం లేదు.

మోకాలి పైపులు మాత్రం 100 చదరానివే వాడండి, 60వి వద్దు. మళ్లీ ముఖం నడుమ అంటిస్తే పాత కథ కొత్త చోట మొదలవుతుంది.

హోల్డర్ పట్టిన చెయ్యి | శుక్రవారం ఉదయం 5:50

పాత క్రాకుల సంగతి నేను చెబుతాను తమ్మీ. పెయింటు గీకి, పగుళ్లలోకి ఇంకే ఎర్ర డై (రంగు) కొట్టి, పావుగంట ఆగి, గుడ్డతో తుడిచి తెల్ల డెవలపర్ కొట్టు. ఎర్ర గీత ఎక్కడ ఆగిందో కనబడుతుంది, కంటికి కనబడినదానికన్నా పొడుగ్గానే ఉంటుంది. దాని రెండు కొనలు దాటి చిన్న రంధ్రం వెయ్యి. ఆ తర్వాతే నడుమ మొత్తం లోతుగా గ్రైండర్‌తో తీసి, మళ్లీ డై కొట్టి ఏమీ లేదని తేలాక 7018 రాడ్డుతో నింపు. ఆ రాడ్లు ఓవెన్‌లో 300 డిగ్రీల పైన కాల్చినవే వాడు, సంచీలోంచి తీసి వాడకు. బీడ్ చదును మీద మొదలుపెట్టి మూల తిప్పి చదును మీదే ఆపు. చివరికి బీడ్ అంచును సన్న బర్రుతో (గ్రైండర్‌కు పెట్టే చిన్న అరగదీసే ముక్కతో) నున్నగా తీయి, పైపు గోడ మీద అడ్డ గీతలు పడనీయకు.

మిర్యాలగూడ షెడ్డు | తర్వాతి మంగళవారం రాత్రి 9:20

పని అయింది. రెండు రాత్రులు మిల్లు ఆపి చేశాం. బేస్ ప్లేట్ల కింద దుమ్ము గోకి గ్రౌటు పోశాం. నింపి కొడితే 11.6. మెష్ గారి లెక్క 11.8! నడుస్తుంటే ఫోనులో 0.01 కూడా దాటడం లేదు. పైపు మీద నీళ్ల గ్లాసు పెట్టి చూశాం, నీళ్లు కొంచెం వణుకుతున్నాయి అంతే, ఇంతకుముందు పెట్టనిచ్చేదే కాదు.

ఒక సందేహం. కరెంటు పనివాడు కొత్త క్రాసు పైపు నడుమ కేబుల్ క్లిప్పు కోసం చిన్న పట్టీ వెల్డింగ్ చేశాడు. పర్వాలేదా?

నల్లగొండ స్ట్రక్చర్స్ | తర్వాతి మంగళవారం రాత్రి 9:48

వెంటనే తీయించండి. తీసిన చోట నున్నగా గ్రైండ్ చేసి డై కొట్టి చూడండి. కేబుల్‌ను పట్టీతో కట్టుకోవచ్చు, వెల్డింగ్ వద్దు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, 1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో నార్వే వాళ్ల అలెగ్జాండర్ ఎల్. కీలాండ్ అనే ప్లాట్‌ఫారం తలకిందులైంది. 212 మంది ఉంటే 123 మంది చనిపోయారు. ఎంతో లావు క్రాసు పైపు ఒకటి తెగడంతో ఒక కాలు ఊడిపోయింది. విచారణలో తేలింది ఏమిటంటే, ఆ పైపుకు హైడ్రోఫోన్ అనే చిన్న పరికరం పెట్టడానికి ఒక గొట్టం లాంటి హోల్డర్ వెల్డింగ్ చేశారు, 6 మి.మీ. ఫిల్లెట్. దానితో ప్లాట్‌ఫారం బలానికి ఏ సంబంధమూ లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఫెటీగ్ క్రాక్ అక్కడే మొదలై, అలలు కొట్టినప్పుడల్లా పెరుగుతూ పైపు చుట్టూ పోయింది. మీ పట్టీ కూడా లెక్కలో లేని వెల్డింగే.

మెకానికల్ ఫైనలియర్ | తర్వాతి మంగళవారం రాత్రి 10:30

అన్నా ఒక అనుమానం. నిండుగా 11.6 అయితే ఖాళీగా 12.8 అవుతుంది. జల్లెడను ఊపేది ఎక్సెంట్రిక్ (నడుమ తప్పిన చక్రం) మీది కనెక్టింగ్ రాడ్డే కదా, అందులో 7తో పాటు రెట్టింపు 14 కూడా కొంచెం ఉంటుంది. ఖాళీగా నడిస్తే 14కు దగ్గర కాదా?

పాలమూరు మెష్ | తర్వాతి మంగళవారం రాత్రి 10:55

మంచి ప్రశ్న, నేను రాయాల్సింది. ఉంటుంది. రెట్టింపు ఊపు బలం మొదటిదానికన్నా చాలా తక్కువ, ఖాళీ నడక రోజుకు కొద్ది నిమిషాలే, అందుకే వదిలాను. అయినా అనుకోవడం కాకుండా కొలుద్దాం. షెడ్డు గారూ, వడ్లు అయిపోయాక మిషను ఆపే ముందు రెండు నిమిషాలు ఖాళీగా నడిపి ఫోను ఫైలు పంపండి.

మిర్యాలగూడ షెడ్డు | 45 రోజుల తర్వాత, ఆదివారం ఉదయం 10:10

ఖాళీ నడక ఫైలు అప్పుడే పంపాను, 14 దగ్గర చిన్న శిఖరమే, పర్వాలేదని మెష్ గారు ఫోనులో చెప్పారు. అయినా ఆపరేటర్‌కు ఖాళీగా నడపొద్దని చెప్పి పెట్టాను.

నిన్నటికి 45 రోజులు, 2 కోట్ల 26 లక్షల ఊపులు. మిషను ఆపించి నాలుగు పై అతుకులూ, మోకాలి పైపులూ, పట్టీ తీసిన చోటూ అన్నీ డై కొట్టి చూశాను. పెద్దన్న చెప్పినట్టు పావుగంట ఆగాను, నాకు గంటలా అనిపించింది. తెల్ల పొడి తెల్లగానే ఉంది, ఎక్కడా ఎర్ర గీత లేదు.

మిల్లు వాళ్లు పక్క లైనుకు రెండో స్టాండు అడిగారు. ఈసారి అడ్డ పైపులు కూడా 100 చదరానివే వేస్తున్నాను, కాళ్లు 5 మి.మీ., చూటు స్థలం మొదటే మార్చి రెండు పక్కలా క్రాసులు. కొలతలు కాగితం మీద గీశాను, రేపు ఫొటో పెడతాను. పైపు కొనకముందే ఒకసారి నడిపి చూడండి మెష్ గారూ.

మెకానికల్ ఫైనలియర్ | ఆదివారం ఉదయం 10:14

అన్నా, ఈసారి మోడల్ నేను వేస్తాను, మెష్ అన్న సరిచూస్తే చాలు.